భీమమ్మ తట్టి చెప్పిన మాట

నాపరాతి గనిలో ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లకు ఒక అలవాటు అంటుకుంటుంది. ఏది కనబడినా తట్టి చూస్తారు. బండను లారీలోకి ఎత్తే ముందు సుత్తెతో తట్టాలి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపలెక్కడో కంటికి కనిపించని చీలిక ఉన్నట్టు. ఆ పని గనిలో భీమమ్మదే. గని మూతపడి ఆరేళ్లయినా ఆమె ఇంకా కుండల్ని తడుతుంది, గుమ్మడికాయల్ని తడుతుంది. అల్లుడు కొత్తగా కొన్న బీరువానూ తట్టి, ఏమీ అనకుండా పెదవి విరిచింది. పాపం, ఆ అల్లుడికి వారం రోజులు నిద్ర పట్టలేదు.

గని పోయినా దారి మిగిలింది. తాండూరు నుంచి బషీరాబాద్ పోయే రోడ్డు దిగి పక్కకు తిరిగితే పదకొండు కిలోమీటర్ల కంకర బాట. అటూ ఇటూ పనికిరాని రాతిముక్కల గుట్టలు, నీళ్లు నిండిన గుంతలు. ఒకప్పుడు లారీల మధ్య కుక్క కూడా దాటలేకపోయిన ఆ బాట మీద ఇప్పుడు తొండలు తీరిగ్గా ఎండ కాచుకుంటున్నాయి. అక్కడే భీమమ్మ యాభై రెండేళ్ల వయసులో సైకిలు నేర్చుకుంది. మొగుడు హన్మయ్య క్యారియర్ పట్టుకుని వెంట పరుగెత్తి పరుగెత్తి, మోకాళ్లు పట్టేశాక "ఇగ నీ ఇష్టం" అని వదిలేశాడు. వదిలేసిన రోజే ఆమెకు తొక్కడం వచ్చింది.

ఈ బాటను నిఖిల్ అనే కుర్రవాడు "కనిపెట్టాడు". అతని మాటే అది. వికారాబాద్‌లో బట్టల దుకాణం వాళ్లబ్బాయి. ప్రతి ఆదివారం హైదరాబాదు నుంచి ఎనిమిది మందిని వ్యానులో తెచ్చి దింపుతాడు, వ్యాను మీద వాళ్ల లావుపాటి టైర్ల సైకిళ్లు. లారీ లేదు, హారన్ లేదు, ఎంతసేపు తొక్కినా అడిగేవాడు లేడని వాళ్లకు సంబరం. బాట చివర భీమమ్మ చేసిన జొన్నరొట్టెలు, కందిపప్పు, పల్లి చట్నీ తిని వెళ్లిపోతారు.

భీమమ్మకు రొట్టెలు చేయడం కష్టం కాదు. ఆమెకు కావలసింది వేరే ఉంది. ఆ సైకిళ్ల వరుసకు ముందు తాను పోవాలి. ముప్పై ఏళ్లు ఆ బాటలో అంచునే నడిచింది. ముందు లారీలు, వెనక మేస్త్రీ, మధ్యలో ఆమె నోటి నిండా దుమ్ము. ఒక్కసారి, తన ముందు ఎవరూ లేకుండా, తన వెనక నలుగురు వస్తుండగా ఆ దారిలో పోవాలని ఆమెకు ఎంత ఆశో చెప్పలేం. సిగ్గు విడిచి నిఖిల్‌ను అడిగింది కూడా.

"ఫోన్ల మ్యాపుంది పెద్దమ్మా. నువ్వు రొట్టెలు చూస్కో, గదే మస్తు" అన్నాడు అతను.

భీమమ్మకు ఒళ్లు మండింది. మరుసటి ఆదివారం వాళ్లు బయలుదేరే ముందు, నడిమి మలుపు దగ్గరున్న బండల గుడిసె గురించి చాలా భక్తిగా చెప్పింది. "గాడ గని తల్లి ఉంటది బిడ్డా. బూట్లిడిసి, దండం పెట్టి, నడిచి దాటాలె." తొమ్మిది మందీ బూట్లు చేత పట్టుకుని, కంకర మీద కుంటుకుంటూ, చేతులు జోడించి దాటారు. బ్యాంకులో పనిచేసే స్నేహలత కాలికి పల్లేరు ముల్లు కూడా దిగింది. ఆ గుడిసె ఒకప్పటి గని ఆఫీసు వాళ్ల మరుగుదొడ్డి అని రొట్టెలు తినేటప్పుడు హన్మయ్య నోరు జారాడు.

ఆ తర్వాతి వారం నిఖిల్ కొత్త కార్బన్ సైకిలుతో దిగాడు. రెండు వేళ్లతో ఎత్తి అందరికీ చూపించాడు. "పొద్దున వ్యాను మీదికెళ్లి జారి కింద పడ్డది. గీత గూడ పడలే" అని మురిశాడు.

భీమమ్మ చెయ్యి ఊరుకోలేదు. వేలు మడిచి పైగొట్టం తట్టింది. టక్. సీటు కింద తట్టింది. టక్. పెడళ్లకు పైన, కింది గొట్టం మీద తట్టింది. తప్. మళ్లీ తట్టింది. తనకు కావలసింది తన చెవికి వినిపిస్తోందేమో అని అనుమానపడి, కళ్లు మూసుకుని మూడోసారి తట్టింది. తప్.

"కొడుకా, ఇది ఎక్కకు. లోపట పగిలింది."

నిఖిల్ నవ్వాడు. "పోయిన వారం బూట్లిడిపిచ్చినవ్. ఇయ్యాల సైకిలే దిగమంటున్నవ్. నేను దిగితె ముందట ఎవరు పోతరో నాకు ఎర్కలేదా పెద్దమ్మా?"

అందరూ నవ్వారు. స్నేహలత కాలు ఎత్తి ముల్లు దిగిన చోటు చూపించి మరీ నవ్వింది. భీమమ్మకు ముఖం చెల్లలేదు. ముప్పై ఏళ్లలో ఆమె తట్టి చెప్పిన మాటను మేస్త్రీ కూడా కాదనలేదు. ఇవాళ తన కొంటెతనమే తన నోరు నొక్కేసింది.

రొట్టెల మూట పక్కింటి రెబెక్క చేతిలో పెట్టింది. "స్కూటీ మీద బాట చివరికి నువ్వు తీస్కపో."

"పది గంటలకు నాకు చర్చి ఉన్నది అక్కా. గాల్లు లేటుగొస్తె మూట కుక్కలకేసి పోత" అంది రెబెక్క.

భీమమ్మ కొంగు దోపుకుని హన్మయ్య సైకిలెక్కి వాళ్ల వెనక పడింది.

నాలుగో కిలోమీటరు దగ్గర బాట ఒక్కసారిగా కిందికి దిగుతుంది. కుడివైపు కత్తుల్లాంటి రాతిముక్కల గుట్ట. ఎడమవైపు పాలిష్ మిషన్ల నుంచి తెచ్చి పారబోసిన రాతిబురద, వానలకు నానిపోయి ఉంది. ముందున్న నిఖిల్ వేగం పెంచడం చూసి భీమమ్మ గని గొంతుతో అరిచింది. మిషన్ల మోతలో అలవాటైన గొంతు అది.

"ఎడమకు పో కొడుకా. ఎడమకే పో."

ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, అతను ఎడమకు తిప్పాడు. అప్పుడే ఫట్‌మని గొట్టం విరిగింది. సైకిలు రెండు ముక్కలై బాట మీదే ఉండిపోయింది, నిఖిల్ మాత్రం బురదలోకి పోయాడు. లేచి నిలబడేసరికి రంగు వేయని మట్టి వినాయకుడిలా ఉన్నాడు. దెబ్బ తగల్లేదు. మ్యాపున్న ఫోను ఎంత నొక్కినా వెలగలేదు.

ఎనిమిది మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తర్వాత భీమమ్మను చూశారు.

"మీరే ముందుండండి పెద్దమ్మా" అంది స్నేహలత.

భీమమ్మ ఒక్క మాట కూడా దెప్పలేదు. ఆమెకు అదెంత కష్టమైందో హన్మయ్యకు తప్ప ఎవరికీ అర్థం కాదు. "ఎక్కు" అని నిఖిల్‌కు క్యారియర్ చూపించింది. ముప్పై ఏళ్లు ఆ బాట నడిచిన కాళ్లకు అతని బరువు లెక్కలోది కాదు. ముందు ఎవరూ లేరు. ముఖం మీద దుమ్ము లేదు. వెనక ఎనిమిది సైకిళ్ల గొలుసుల చప్పుడు. ఆమెకు కళ్లు చెమర్చాయి, గాలికి అనుకుని తుడుచుకుంది.

నడిమి మలుపులో వెనక చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఎనిమిది మందీ దిగి బూట్లు విప్పుతున్నారు. పగులు గురించి చెప్పింది నిజమైనప్పుడు, తల్లి గురించి చెప్పింది కూడా నిజమేనేమో అని వాళ్ల భయం. నిఖిల్ కూడా క్యారియర్ దిగి బురద బూట్లు లాగుతున్నాడు. ఏం చేస్తుంది? భీమమ్మ కూడా చెప్పులు విడిచి, మరుగుదొడ్డికి దండం పెట్టి, నడిచి దాటింది.

రెండు వారాలకు నిఖిల్ ఇంకో సైకిలు తెచ్చాడు. దింపీ దింపగానే ఆమె ముందు నిలబెట్టాడు. అతని వెనక తక్కినవాళ్లూ తమ సైకిళ్లతో వరుస కట్టారు.

"జర తట్టి చూడు పెద్దమ్మా."

పైగొట్టం టక్. సీటు కింద టక్. కింది గొట్టం టక్. ఎక్కడ తట్టినా ఒకటే పలుకు. భీమమ్మ ఇంకోసారి తట్టి, చెవి ఆనించి, నిదానంగా పెదవి విరిచింది.

"పగులా?" అన్నాడు నిఖిల్ గొంతు తగ్గించి.

"పగులంటలేను. ఒక్క వారం ఎండల పెట్టు."

నిఖిల్ సైకిలు తీసుకుపోయి వ్యాను మీద పెట్టి, వచ్చి ఆమె సైకిలు క్యారియర్ మీద కూర్చున్నాడు. భీమమ్మ కొంగు దోపుకుని ముందుకు తొక్కింది. వచ్చే వారం ఎలాగూ అతన్ని ఎక్కనిస్తుంది. ఈ ఒక్క ఆదివారం మాత్రం తనదే. ఆ సైకిలు ఎంత చక్కగా పలికిందో ఆమె హన్మయ్యకు కూడా చెప్పలేదు.