ఏ లీవు, మామా?

పొద్దున్నే లేచి గురమ్మ చేసే మొదటి పని టీ పెట్టడం. రెండో పని, ఆ ట్రే పట్టుకుని మామా నోరు తెరిచేదాకా నిలబడడం. కువైట్‌లో పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారు. మామా "లీవ్" అనేది. అప్పుడు గురమ్మ వేళ్ళు విడిపోయేవి, ట్రే బల్ల మీదికి దిగేది.

ఆ మాట పడకపోతే ట్రే చేతికే ఉండిపోయేది. సబా అల్ సలేంలోని ఆ ఇంట్లో పనికి చేరిన మొదటి వారంలోనే ఈ సంగతి తేలిపోయింది. గురమ్మ ఏది పట్టుకున్నా, ఎవరో ఒకరు ఇంగ్లీషులో ఆ మాట అంటేగాని వేళ్ళు వదలవు. తెలుగులో బతిమాలుకున్నా, అరబ్బీలో అరిచినా, తనకు తానే "లీవ్" అనుకున్నా లాభం లేదు. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. బంతి కావాలంటే పిల్లలు "లీవ్, గురమ్మా" అనేవాళ్ళు. వీధి చివర సరుకుల కొట్టులో మలయాళీ అతను ఆమె తెచ్చిన ఖాళీ సీసాలు అందుకుంటూ, "లీవ్, లీవ్, నాకు బేరాలున్నాయి" అని విసుక్కునేవాడు.

మామా ఇంగ్లీషు చదువు చదివిన మనిషి. ఫోనులో మాటల్లో పడి ఆ ఒక్క మాటా మరిచిపోయేది. గురమ్మ మరిగే కెటిల్ పట్టుకుని అలాగే నిలబడేది. చీపురుతోనే పడుకున్న రోజులూ ఉన్నాయి. మరిచిపోవడం అన్నిసార్లూ మరపు కాదు. ఎదుటి మనిషి చెయ్యి తన నోటిమాట కోసం ఆగి ఉందని తెలిసినవాళ్ళకు, ఆ మాటను ఆలస్యం చెయ్యడంలో ఒక రుచి ఉంటుంది. ఆ రుచి మరిగినవాళ్ళు బాగుపడరు.

ఆ మాటకు ఇంకో అర్థం ఉందని హమీదా బీ చెప్పింది. ఆమెది రాయచోటి. ఫర్వానియాలో ఉంటూ, పక్కింటివాళ్ళ బట్టలు కుట్టి తెచ్చిచ్చేది.

"లీవంటే సెలవు కూడా అక్కా. రెండేండ్లకొకసారి ఊరికి పంపాల. నోరిడిసి అడుగు."

"ఒక మాటకు అన్ని అర్థాలుంటే యాడ చచ్చేది?"

"ఇంగ్లీషోళ్ళు పిసినారోళ్ళు. ఒక మాటతోనే నాలుగు పనులు చేసుకుంటారు."

గురమ్మ అడిగింది. "నో లీవ్" అంది మామా. ఆ మాట చెవిన పడగానే గురమ్మ వేళ్ళు ఇంకా బిగిసి, చేతిలోని కప్పు పిడి విరిగిపోయింది. మరుసటేడు అడిగినా అదే జవాబు. పాలు మాన్పించి వచ్చిన కూతురు ఇప్పుడు బడికి పోతోందని ఊరి నుంచి కబురొచ్చింది. గురమ్మ పాస్‌పోర్టు మాత్రం మామా బీరువాలోనే ఉంది.

ఆగస్టులో ఒక గురువారం తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు ఊళ్ళోకి దిగాయి. కొన్నాళ్ళు తలుపులేసుకుని కూర్చున్నాక, ఎడారి దారిన సౌదీకి పోదామని మామా భర్త, గురమ్మకు వీసా ఇచ్చిన కఫీల్, నిర్ణయించాడు. కారు నింపింది గురమ్మే. తివాచీలు, నీళ్ళ డబ్బాలు, వెండి కాఫీ కూజా. ఒక్కొక్కటీ తెచ్చి పెడుతుంటే మామా "లీవ్, లీవ్" అంటూనే ఉంది. చివరికి చిలుక పంజరాన్ని ముందు సీట్లో పెట్టించింది. తర్వాత లోపలికొచ్చి ఇంటి తాళాల గుత్తి గురమ్మ ఎడమచేతిలో పెట్టింది.

"మేం వచ్చేదాకా ఇల్లు చూసుకో. ఎవర్నీ రానీయకు."

"నేనొక్కదాన్నేనా మామా?"

"కారులో చోటు లేదు."

గురమ్మ చేతిలోని గుత్తి వైపు ఒకసారి చూసింది.

"అయితే నా పాస్‌పోర్టు ఇయ్యి. ఫర్వానియా కాడ మనోళ్ళకు బస్సులు కడతాండారంట. నాకు లీవియ్యి, పోతా."

"ఊరు తగలబడుతుంటే లీవా? నో లీవ్!"

బయట కఫీల్ హారన్ కొట్టాడు. "యల్లా! యల్లా! పదండి!" మామా గిరుక్కున తిరిగింది. ఖాళీగా ఉన్న కుడిచేత్తో గురమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"లీవ్," అంది మామా, ట్రేకు చెప్పినట్టే.

వేళ్ళు కదల్లేదు.

"లీవ్! లీవ్ మై హ్యాండ్!"

కదల్లేదు. అలా జరగడం అదే మొదటిసారి. గురమ్మ తన చేతిని తానే వింతగా చూసుకుని, తలెత్తింది.

"ఏ లీవు, మామా?"

"పిచ్చి పట్టిందా నీకు?"

"నువ్వు లీవ్ అంటే చేతిలోది దించినా. లీవ్ మీ అంటే గదిలోనుంచి బయటికి పోయినా. నో లీవ్ అంటే పండ్లు కరుచుకోని పడున్నా. ఇప్పుడు నన్నిడిసి పోతాండావు, అదీ లీవేనంట. అన్ని అర్థాలూ నీకేనా? నాకొక్కటి చాలు. అది చెప్పు."

కఫీల్ లోపలికొచ్చి లాగి చూశాడు. మామా కెవ్వుమంది. అతను కారు వైపు చూశాడు.

"పంజరం దించేసి దీన్నీ ఎక్కించుకుందాం!"

"నేను రాను," అంది గురమ్మ.

"అయితే దానిది దానికిచ్చెయ్! ఖలాస్!"

మామా గురమ్మను ఈడ్చుకుంటూ బీరువా దాకా పోయింది. రెండో చేత్తో పాస్‌పోర్టు తీసి చాచింది. "లీవ్," అంది మళ్ళీ. అయినా పట్టు సడలలేదు. మాట నోట్లోనుంచి వచ్చింది గాని అర్థం ఇంకా గొంతు దాటలేదు. మామా అప్పుడు గురమ్మ ముఖంలోకి చూసింది.

"గురమ్మా. నీ లీవ్. నీకిచ్చాను. వెళ్ళు."

గురమ్మ రెండు చేతులూ ఒక్కసారే విచ్చుకున్నాయి. తాళాల గుత్తి గచ్చు మీద పడింది. గురమ్మ పాస్‌పోర్టు అందుకుంది. మామా కిందపడ్డ తాళాల వైపు చూసింది, తర్వాత గురమ్మ వైపు చూసింది. అలవాటు అలాంటిది. గురమ్మ వంగలేదు. మామాయే వంగి ఏరుకుని బయటికి పరుగెత్తింది.

ఎండలో నడిచి నడిచి గురమ్మ ఫర్వానియా చేరింది. బస్సు వరుసలో హమీదా బీ కనిపించింది. జరిగిందంతా విని ఆమె గురమ్మ వీపు నిమిరింది.

"పోనీలే అక్కా. వాళ్ళూ ఇల్లిడిసి పోయినోళ్ళే గదా పాపం. ఇంక లీవిట్."

గురమ్మ ఉలిక్కిపడి చేతివంక చూసుకుంది. పాస్‌పోర్టు పడలేదు.

"ఇడ్సను," అంది. "ట్యాంకులు తోలినోణ్ణీ ఇడ్సను. చిలక్కు చోటిచ్చి నాకు లేదన్నదాన్నీ ఇడ్సను."

బస్సు తలుపు దగ్గర నిలబడ్డ మనిషి చెయ్యి చాచాడు. ఎవరూ ఏ మాటా అనకుండానే గురమ్మ వేళ్ళు తానే విప్పి పాస్‌పోర్టు చూపించింది. మళ్ళీ తానే గుప్పిట మూసి బస్సెక్కింది.