బెల్టుకు రుద్దిన సబ్బు

పాత కారుకు పవర్ స్టీరింగ్ బరువైతే ముందుగాల టైర్ల గాలి సూడాలె. తర్వాత డబ్బల ఆయిల్ సూడాలె. ఆ తర్వాత పంపును తిప్పే బెల్టు సూడాలె. పంపు ఊడదీసుడు, అడుగున పండి సూసుడు అన్నీ ఇవి అయినంకనే. ఇరవై ఎనిమిదేండ్ల సంది సూర్యాపేటల షెడ్డు నడుపుతున్న, నిద్రల లేపి అడిగినా సెప్త. అసొంటి ఈ సైదయ్య ఆ దినం బెల్టు సూడలే. సూడకుంటనే ఒక మనిషి సేతులు పనికిరావన్నడు. థూ, నా నోరు పాడుగాను.

ఆ మనిషి ఈదయ్య. ఊరు ఆత్మకూరు. గొర్లు కాసే ఇల్లు. అన్నదమ్ములందరు గొర్ల ఎంట పోతే ఈన ఒక్కడే లైసెన్సు తీసిండు. రాజారత్నం సేటు కాడ పంతొమ్మిదేండ్లు డ్రైవరు. సేటుకు ఇల్లు సూర్యాపేటల, రైసుమిల్లు మిర్యాలగూడల. రోజు పొద్దున తోల్కపోవుడు, మాపటికి తోల్కొచ్చుడు. పంతొమ్మిదేండ్లల బండి మీద గీత పడనియ్యలే. ఖాకీ అంగీ ఇస్త్రీ లేకుంట తొడగకపోతుండె. ఊర్లె ఎవలూ ఆయనను పేరు పెట్టి పిలువరు, డ్రైవరు సాబ్ అంటరు. ఆ పిలుపంటే ఆయనకు పానం.

మొన్న వానకాలం మొదట్ల సేటు కారు బెల్టు అరుసుడు మొదలుపెట్టింది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కీసుమని ఒకటే లొల్లి. సేటు భార్య రంగనాయకమ్మ నాకు ఫోన్ సేసింది. "నలుగురు తిరిగి సూస్తున్నరు సైదయ్యా, నాకు సిగ్గైతున్నది. ఇయ్యాల్లనే ఆ సప్పుడు బంద్ కావాలె" అన్నది. ఆ పాత బండి బెల్టు మా దిక్కు దొరకదు, హైదరాబాదు నుంచి తెప్పియ్యాలె. మా షెడ్లల్ల ఒక అలవాటున్నది. బెల్టు అరిస్తే బట్టల సబ్బు ముక్క తీసి లోపలి దిక్కు రుద్దుతం. సప్పుడు టక్కున ఆగుతది. గిరాకి ఖుషీ, మనకు పీడ ఇరగడ.

నేను రుద్దుతుంటే ఈదయ్య బానెట్ పట్టుకోని నిలబడ్డడు. "సైదన్నా, సబ్బు పెడితే అరుపు ఆగుతది గని జారుడు ఆగుతదా? బెల్టే మార్సరాదు?" అన్నడు.

"మెకానిక్ నువ్వా నేనా?" అన్న.

నవ్విండు. నాలుగు దినాల్ల బెల్టు తెప్పిస్తనని నేనే మాటిచ్చిన. సప్పుడు బందైనంక ఎవలకు యాదికుంటది? మర్సిన.

నెల కాకముందే ఈదయ్య మొత్తుకునుడు షురూ సేసిండు. "స్టీరింగ్ బరువైతున్నదన్నా. పొద్దున మంచిగనే ఉంటది. మిర్యాలగూడ దాక పోయి, ఏసీ నడుస్తుండంగ, మిల్లు కాడ లారీల నడుమ మలుపుతుంటే రాయి లెక్క అయితది" అని రెండుసార్లు ఫోన్ సేసిండు. తీసుకరా సూద్దామన్న. సేటు పంపలే. "నీకు వయసు మీద పడుతున్నది ఈదయ్యా" అని నవ్విండట.

దసరా ఎల్లినంక కోదాడల సేటు బామ్మర్ది ఇంట్ల పెండ్లి. గేటు లోపల జాగ తక్కువ. ఎనకకు తీస్కుంట మలుపుతుంటే స్టీరింగ్ తిరగలే, బండి పోయి గేటు దిమ్మెకు గుద్దింది. లైటు పలిగింది, బంపరు వంగింది. ఎవలకూ దెబ్బ తాకలే, అదొక్కటే నయం. తినేటోళ్ళు ఎంగిలి సేతులతోనే బయటికొచ్చిండ్రు. బామ్మర్ది "తాగున్నాడేంటి బావా, ఈ డ్రైవరు?" అన్నడట. ఈదయ్య కల్లు కూడ ముట్టడు.

సేటు నాకు ఫోన్ సేసి ఉన్నఫళంగ రమ్మన్నడు. నేను మోటర్ సైకిల్ మీద పోయేసరికి గంటన్నర పట్టింది. ఇంజన్ సల్లగైంది. జాకి పెట్టి ముందటి టైర్లు లేపిన, బండి స్టార్ట్ సేసిన, ఒక్క ఏలుతోని స్టీరింగ్ తిప్పిన. గిర్రున తిరిగింది.

"జాకి మీద ఎప్పుడన్న తిరుగుతదన్నా. కిందికి దింపి సూడు. జర ఇంజన్ కాగనియ్యి. బెల్టు ఒక్కసారి సూడు, నీకు దండం పెడత" అన్నడు ఈదయ్య.

నాకు కోపం ముక్కు మీదుంటది. పట్టుబట్టలేసుకున్నోళ్ళు ఇరవై మంది సూస్తుంటే ఒక డ్రైవరు నాకు పని నేర్పుతడా? ఒళ్ళు మండింది. బానెట్ ముట్టలే. సేటు దిక్కు తిరిగి అన్న, "బండికేం కాలే సేటూ. బరువు స్టీరింగ్ల లేదు, ఈదయ్య సేతులల్ల ఉన్నది. ఇగ ఆయనతోని కాదు."

ఈదయ్య తన సేతుల దిక్కు సూసుకున్నడు. జేబుల నుంచి తాళం తీసి, దస్తీతోని తుడిసి, సేటు సేతుల పెట్టిండు. బస్టాండు దాక నడిసి బస్సెక్కి పోయిండు. పెండ్లి బువ్వ గూడ తినలే.

కొత్త డ్రైవరు నగేష్‌ది తిరుమలగిరి, ముప్పై ఏండ్లోడు, ఎద్దు అసొంటి మనిషి. పదిహేను దినాలకు మిల్లు నుంచి సీదా నా షెడ్డుకొచ్చిండు. "అన్నా, స్టీరింగ్ తిప్పలేక భుజాలు గుంజుతున్నయి" అన్నడు. వీనికి వయసైందని ఎవలూ అనలే. ఇంజన్ కాలుతున్నది, బండి కిందనే ఉన్నది. కూసోని తిప్పిన. నాతోని కూడ కాలే.

బానెట్ లేపిన. బెల్టు లోపలి దిక్కు అద్దం లెక్క మెరుస్తున్నది. పుల్లీ గాడిల తెల్లగ గడ్డకట్టి ఉన్నది. గోటితోని గీకి వాసన సూసిన. నా సబ్బే.

"గిట్ల సబ్బు పెట్టిన సన్నాసి ఎవడన్నా?" అని నవ్విండు నగేష్.

బెల్టు తెప్పిచ్చి మార్సిన. పావుగంట పని. పంపుకు పట్టు దొరికింది, స్టీరింగ్ అలకగ తిరిగింది. మాపటికి సేటు ఫోన్ సేసి, "అవునయ్యా, మరి ఈదయ్య గప్పుడు గిదే కదా అన్నది?" అన్నడు. సూడుండ్రి, దేవుడే తలుపు తీసినట్టు అడిగిండు. "అది ఏరే సేటూ, ఇది కొత్తగ వచ్చింది" అన్న. ఆ మాట నోటికి ఎట్లొచ్చిందో నాకే తెల్వది.

మూడో దినం ఆత్మకూరు పోయిన. ఇంటి ముందల ఈదయ్య భార్య ఐలమ్మ జొన్నలు సెరుగుతున్నది. నన్ను సూసి తిడుతదనుకున్న. పీట ఏసింది.

"నరాల డాక్టరు కాడికి గూడ పోయొచ్చిండన్నా. గోలీలు మింగుతుండు. స్కూటర్ గూడ ముడుతలేడు. 'సైదన్న ఉత్తగ అనడే, నా సేతులకే ఏందో అయింది' అంటడు" అన్నది.

అంతకంటే నాలుగు తిట్టినా బాగుండు.

ఈదయ్య ఊరవతల బీడుల, వాళ్ళన్న గొర్ల ఎంట ఉన్నడు. అదే ఖాకీ అంగీ, ఇస్త్రీ లేదు. నేను నిలబడే మొత్తం సెప్పిన. సబ్బు సంగతి, మెరిసే బెల్టు సంగతి, నగేష్ సంగతి. ఆయన పిడికిలి మూసుకుంట తెరుసుకుంట ఇన్నడు.

"అయితే నా సేతులు మంచిగనే ఉన్నయా?"

"మంచిగనే ఉన్నయన్నా. తప్పు నాది."

జేబుల నుంచి గోలీల పట్టీ తీసి సూసిండు, మల్ల జేబుల ఏసుకున్నడు. అన్నడు, "ఆ మాట కోదాడల ఇరవై మంది ముందల అన్నవు సైదన్నా. ఈ మాట గొర్ల ముందల అంటున్నవు. సేటు ముందల అంటవా?"

"అంట" అన్న. తల మీద సెయ్యి పెట్టుకోని అన్న.

నిన్న సేటే బండి తీసుకోని షెడ్డుకొచ్చిండు, ఆయిల్ మార్సేది ఉంటే. కుర్సీ ఏసిన, చాయ తెప్పిచ్చిన. పక్క షెడ్డోళ్ళు, ఇద్దరు గిరాకీలు ఉన్నరు. సేటు నా భుజం తట్టి, "ఆనాడు నువ్వు గట్టిగ సెప్పబట్టి సరిపోయింది సైదయ్యా. లేకుంటే ఆ ముసలోన్ని నమ్ముకోని ఏడనో సచ్చేటోళ్ళం" అన్నడు. అందరు నా దిక్కు సూసిండ్రు.

నోరు తెరిసిన.

"చాయ తాగు సేటూ, సల్లగైతది" అన్న.