సారమ్మ నోరు విప్పలేదు

"గోదాంలకు పోను" అంది నీలా.

ఆ ఒక్క మాటకు మేస్త్రీ గురవయ్య వడ్లు తిరగేసే కర్ర అందుకుని ఆమె వీపు మీద మూడు దెబ్బలు వేశాడు. మిర్యాలగూడ రైసుమిల్లు కల్లంలో, మండే ఎండలో, అరవై మంది కూలీల ఎదుట. నలభై ఏడో సంవత్సరం ఎండాకాలం అది. నిజాం రాజ్యంలో మిల్లు యజమాని సేటు మాటే చట్టం. ఆ మాటకు కర్ర పట్టేవాడు మేస్త్రీ. ఎవరూ కదల్లేదు. గోదాం ఊడవడానికి ఆ లంబాడా పిల్ల ఎందుకు పోనంటోందని ఎవరూ అడగలేదు.

సారమ్మ కూడా అడగలేదు. ఆమెకు తెలుసు. తెలిసీ చెప్పలేక పళ్లు కొరుక్కుంటూ నిలబడింది.

నడిగూడెం నుంచి వచ్చిన సారమ్మ మిల్లులో చేరకముందు సూర్యాపేట వైపు ఒక మిషన్ దవాఖానలో ఆయా. రోగి చెప్పుకున్నది గది దాటి పోకూడదని అక్కడే నేర్చుకుంది. ఏడాది కిందట కూలీలు సంఘం పెట్టుకున్నప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

"పగటి బువ్వ యాళ్లకు నన్ను ఊక కుప్ప ఎనక కూసోనియ్యుండ్రి. మనసుల బాధున్నోళ్లు వచ్చి చెప్పుకుంటరు. ఆ మాట నా కాడనే ఉంటది."

సంఘం నాయకుడు కోటయ్య నవ్వాడు. కోదాడ పక్క అనంతగిరి మనిషి, బాయిలర్ దగ్గర పని. "ఏడుపులు వినటానికా మన సంఘం, కొట్లాటకా?"

"ఇంట్ల రోజు సచ్చేటోడు నీ కొట్లాటకు ఎట్లొస్తడన్నా?"

ఆ చలికాలం బాయిలర్ గొట్టం పగిలి కోటయ్య జతగాడు కాలి చచ్చిపోయాడు. మర్నాడే సేటు బాయిలర్ వెలిగించాడు. కోటయ్యకు నిద్ర పట్టకుండా పోయింది. కల్లు తాగి వచ్చి భార్య వీరమ్మను కొట్టడం మొదలుపెట్టాడు. చివరికి ఒకనాడు తనే ఊక కుప్ప వెనక్కు వెళ్లాడు.

"సెయ్యి లేస్తాంది సారమ్మా, దాని మీద. లేసినాక నాకే భయమైతాంది."

సారమ్మ తిట్టలేదు. జతగాడి గురించి చెప్పించుకుంది. నెలన్నర విన్నది. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ల గుడిసెకు పోయి వీరమ్మ చెప్పేదీ విన్నది. ఒకరి మాట ఒకరికి చేర్చలేదు. కోటయ్య చెయ్యి దిగింది. తండ్రి అడుగు వింటే దాక్కునే పిల్లలు గడప దాకా ఎదురు రాసాగారు. అట్లా చాలామంది తేరుకున్నారు. ఇంట్లో ముడుచుకున్నవాళ్లు సంఘానికి రావడం మొదలుపెట్టారు.

ఆ కుప్ప వెనకే ముగ్గురు ఆడవాళ్లు వేర్వేరు రోజుల్లో ఒకే మాట చెప్పారు. గోదాం ఊడవమని పంపి, గురవయ్య వెనకే వచ్చి తలుపు వేస్తున్నాడు. ప్రతి ఒక్కతీ "నాకొక్కదానికే గిట్లయింది" అనే ఏడ్చింది. సారమ్మ "నీ అసుంటోళ్లు ఇంకుంటే? నీ మాట వాళ్లకు చెప్పనా?" అని ఒక్కొక్కరినీ విడిగా అడిగింది. అందరూ ఆమె కాళ్లు పట్టుకున్నారు. "వద్దక్కా. నా మొగడు నరుకుతడు."

దెబ్బలు తిన్న రోజున నీలా కూడా కుప్ప వెనక్కు వచ్చి అదే మాట చెప్పి నాలుగోది అయింది.

నీలాను కొట్టినందుకు సంఘంవాళ్లు ఆ సాయంత్రమే గేటు ముందు మీటింగు పెట్టారు.

"గోదాంలో ఏం జరుగుతుందో నీకు తెలుసు" అన్నాడు కోటయ్య. "ఆడోళ్లంతా నీకే చెప్పుకుంటారు. పేర్లు చెప్పు. రేపే పని ఆపేస్తాం."

"చెప్ప."

"ఆడోళ్ల మానం పోతుంటే నోరు మూసుకుంటావా? నువ్వు సంఘం మనిషివా, సేటు మనిషివా?"

"వాళ్ల మాట వాళ్లది. గుంజుకుంటే ఆ మేస్త్రీకీ మనకూ ఏం తేడా?"

అని అతని కళ్లలోకి చూసింది. అంతే. కోటయ్య తల వాలిపోయింది. జనం వైపు తిరిగాడు.

"నేను గూడా ఈమెకు చెప్పుకున్నా. నా పెళ్లాన్ని కొట్టేవాణ్ని. ఈ రోజు దాకా మీకెవరికన్నా తెలిసిందా? ఆమెను వదిలెయ్యండి."

జనంలో నీలా తలెత్తి అతని వైపే చూస్తూ ఉండిపోయింది.

ఈ సంగతి సేటు చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే పోలీసు ఠాణా అమీను, ఇద్దరు జవాన్లు కల్లంలోకి దిగారు.

"నా మేస్త్రీ మీద నీకు చెప్పినోళ్లెవరు?" అన్నాడు సేటు.

"చెప్ప."

అమీను చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లింది. "చెప్ప" అంది మళ్లీ. చేతులు కట్టి గేటు వైపు ఈడ్చారు.

"ఆగుండ్రి!"

నీలా గంప విసిరేసింది. "ఆమె చెప్పది. నేను చెప్త. గోదాం తలుపేసి గీడు నా మీద పడ్డడు. గీ గురవయ్యనే!"

వయసులో పెద్దదైన నర్సమ్మ వడ్ల మధ్య నుంచి లేచింది. "బిడ్డా... నిన్ను గూడనా?"

ఆ మాటకు మరొకతి లేచింది. ఇంకొకతి లేచింది. నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏడాది నుంచి ఒంటరిగా మోసిన సిగ్గు ఆ చూపుల్లోనే కోపమైంది. హమాలీల్లో ఉన్న నర్సమ్మ మొగుడు వీపు మీది బస్తా కింద పారేసి వచ్చి, ఆమె పక్కన నిలబడ్డాడు.

కోటయ్య బాయిలర్ ఆపేశాడు. మిల్లు చప్పుడు ఆగిపోయింది. అరవై మంది కర్రలతో కదిలితే గురవయ్య సేటు గదిలో దూరి గడియ వేసుకున్నాడు.

తుపాకులు అడ్డం పెట్టి అమీను సారమ్మను తీసుకుపోయాడు. వెనకే మిల్లు నడిచింది. బజారులో బండ్లవాళ్లు కలిశారు, పక్క మిల్లు కూలీలు కలిశారు. ఠాణా ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. గురవయ్యను పట్టుకునేదాకా, సారమ్మను వదిలేదాకా లేచేది లేదని ఆడవాళ్లు దుమ్ములోనే కూర్చున్నారు. నలుగురూ వంతులవారీగా లేచి, జరిగింది గొంతెత్తి చెబుతున్నారు.

లోపల అమీను చెమట తుడుచుకున్నాడు. "ఆఖరుసారి అడుగుతున్న. నీకెవరెవరు ఏమేం చెప్పిండ్రు?"

సారమ్మ చిట్లిన పెదవి తడుపుకుంది.

"నన్నెందుకడుగుతవ్? వాళ్లే చెప్తున్నరు. కిటికీ తెరిచి విను."