ఐదు మీది గింజ

మా అత్తయ్యకి ఫోన్ చూసిపెట్టే పనిలో మా మరిది తలదూర్చకుండా ఉంటే ఆ ఆదివారం పావుగంటలో తేలిపోయేది. కానీ మా మరిది తలదూర్చని విషయం ఈ ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు.

సంగతేమిటంటే, రెండేళ్లుగా అత్తయ్య చూపు తగ్గుతూ వచ్చింది. ఎదురుగా ఉన్నది మసక, పక్కనున్నది కాస్త నయం. అయినా రెండు వీధుల అవతలి టైలరింగ్ షాపుకి రోజూ వెళ్లేది. అక్కడ మిషను మీద కుట్టే ఆవిడని అందరూ మిషనక్క అంటారు. ఆవిడ కుట్టి పడేసిన బట్టలకి గుండీలు, కాజాలు, అంచులు అత్తయ్య చేత్తో తడుముకుంటూనే పూర్తి చేసేది. పోయిన నెల ఒక సందు ముందే తిరిగి, ఎవరిదో గేటు ముందు గంటసేపు నిలబడిపోయింది. చేతిలో మేం కొనిచ్చిన టచ్ ఫోన్ ఉంది. ఆ నున్నటి అద్దం మీద ఎంత తడిమినా వేలికి ఏదీ తగల్లేదట.

ఆ రోజు నుంచి అత్తయ్యకి షాపు బంద్. "నీ అంతట నువ్వు నాకు ఫోన్ చెయ్యగలిగితేనే మళ్లీ పనికి పంపిస్తాను. నెల రోజుల్లో తేలకపోతే ఇంకొకరిని చూసుకోమని మిషనక్కకి చెప్పేస్తాను" అన్నాడు మా ఆయన.

ఆ నెలంతా అత్తయ్య ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మర్నాటితో గడువు అయిపోతుందనగా, ఆదివారం పొద్దున్నే డ్రాయరులోంచి నా పాత ఫోన్ తీసి చార్జింగ్ పెట్టాను. వాసన పట్టినట్టు మరిది కూడా తన పాత ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

అతనిది మడత ఫోను. ఎర్రగా, పల్చగా, తెరిస్తే టక్కుమంటుంది. లోపలొక తెర, బయటొక తెర, కెమెరా, పాటలు, ఒకటేమిటి. "ఆ రోజుల్లో బస్సులో దీన్ని తెరిస్తే అందరూ తిరిగి చూసేవాళ్లు వదినా" అన్నాడు.

"తెరవడం చూశారు. మాట్లాడ్డం ఎవరైనా చూశారా? మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోయేదిగా" అన్నాను.

నాది బూడిద రంగు, సబ్బుబిళ్లంత మందం. టార్చి, రేడియో, అంతే. ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగు రోజులు వచ్చేది. మెట్ల మీంచి దొర్లినా లేచి మోగేది. కాకపోతే రబ్బరు బటన్ల మీద అంకెలన్నీ అరిగిపోయాయి. మరిది దాన్ని అటూ ఇటూ తిప్పి పడీపడీ నవ్వాడు. "అంకెల్లేని ఫోను. కళ్లున్నవాళ్లకే దిక్కులేదు, అమ్మకిస్తావా?"

నేను నా ఫోన్ లాక్కుని పక్కన పెట్టాను.

ముందు మడత ఫోన్‌లోనే అత్తయ్య సిమ్ వేసి ఇచ్చాం. బటన్లన్నీ ఒకే రేకు మీద గీతలు గీసినట్టున్నాయి. అత్తయ్య తడిమి తడిమి మా ఆయన నంబరు నొక్కింది. ఎవరిదో మగగొంతు పలికింది. "పొరపాటయింది నాయనా" అంది. రెండోసారి ఎవరో ఆవిడ. మూడోసారి మళ్లీ ఆ మగగొంతే. "మీరేనా అండీ, చెప్పండి" అన్నాడాయన, పాపం మంచివాడు.

"ఇంక చాల్లేమ్మా" అంటూ మా ఆయన లేచాడు.

నాకు ఒళ్లు మండింది. "నాది చూడకుండానే చాలా?" అని సిమ్ మార్చి నా ఫోన్ అత్తయ్య చేతిలో పెట్టాను.

ఆవిడ బొటనవేలు బటన్ల మీద నడిచి ఒకచోట ఆగింది. "మధ్యలో ఈ గింజేమిటమ్మాయ్?"

"ఏదో అంటుకుని ఎండిపోయింది అత్తయ్యా. ఎంత గీకినా ఊడలేదు."

నిజంగానే గీకాను. తడిగుడ్డతో రుద్దాను, సూదితో పొడిచాను. వాడిన ఆరేళ్లూ అది నా వంటింటి మురికే అనుకున్నాను.

"ఇలా తే, బ్లేడుతో లేపేస్తా" అని మరిది చెయ్యి చాపాడు.

అత్తయ్య ఫోన్‌ని గుండెకి అదుముకుంది. "ముట్టుకున్నావంటే ఊరుకోను." మళ్లీ బొటనవేలు పెట్టింది. "అటొకటి, ఇటొకటి. పైనొక వరస, కింద రెండు. ఇది ఐదురా. షాపులో బటన్ల ఫోన్ ఇరవై ఏళ్లు నొక్కాను, నాకు తెలీదా? చూడకుండా నొక్కేవాళ్ల కోసం పెట్టారు దీన్ని."

మరిది తన ఫోన్ తడుముకున్నాడు. ఐదు మీద వెంట్రుకంత గీత ఉంది గానీ అతని వేలికే ఆనలేదు.

చొక్కా మీద ఒక గుండీ దొరికితే తక్కినవి ఎక్కడుండాలో అత్తయ్య వేళ్లకి తెలుసు. ఇదీ అంతే. గింజ దగ్గర మొదలుపెట్టి పది అంకెలూ తడబడకుండా నొక్కింది. పచ్చబటన్ ఎక్కడో నేను చూపించాను. మా ఆయన జేబు మోగింది.

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? "ఇంట్లో కూర్చుని చెయ్యడం వేరమ్మా. సందు చివరికి వెళ్లి చెయ్యి, అప్పుడు చూద్దాం" అన్నాడు.

అత్తయ్య చెప్పులేసుకుని వెళ్లింది. ఐదు నిమిషాలు గడిచాయి. పది. మా ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "ఫోన్ రావాలన్నారు కదా, రానివ్వండి" అన్నాను. పైకి అలా అన్నాను గానీ నేనూ మెడ సాచి సందులోకే చూస్తున్నాను. పావుగంటకి మోగింది. ఆయన స్పీకరు నొక్కాడు.

"సందు చివరున్నావా అమ్మా? అక్కడే ఉండు, వస్తున్నా."

"సందు చివరేమిటి, షాపులో ఉన్నాను." వెనక మిషను టకటకలాడుతోంది. "నెల రోజుల గుండీలు కుప్పపడి ఉన్నాయి. మిషనక్క ఈ రోజు కూడా తెరిచింది, పాపం."

"వచ్చేటప్పుడు నేను వచ్చి…"

"కావాలంటే నేనే ఫోన్ చేస్తాలే. పనుంది, పెట్టేస్తున్నా."

పెట్టేసింది. మా ఆయన మాత్రం రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త అని ఇంకా చెబుతూనే ఉన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మరిది చూస్తుండగానే వేశాను.