కామేశ్వరమ్మగారి డబ్బాపొయ్యి

నేను ఒక పొయ్యిని. జానెడు ఎత్తు, రెండు చేతుల మధ్య ఇమిడే లావు, ముప్పాతిక కిలో బరువు. ఎండుపుల్లలు తప్ప ఇంకేమీ తినను. అంటించిన మొదటి అయిదు నిమిషాలూ పొగ చిమ్ముతాను. ఎంత తళతళలాడే గిన్నెనైనా అడుగు నల్లగా చేసి పంపిస్తాను. ఇవన్నీ నా లోపాలని చాలామంది అన్నారు. అననివ్వండి! పొయ్యిలోంచి పొగ రాక పన్నీరు వస్తుందా? నేనెవరికీ క్షమాపణ చెప్పుకోవడానికి ఈ కథ మొదలుపెట్టలేదు.

పుట్టుకతో నేను పొయ్యిని కాను. విజయనగరంలో ఇందుమతిగారి వంటింట్లో ముప్పై ఏళ్ళు కందిపప్పు డబ్బాగా పనిచేశాను. మంచి స్టీలు. నా నడుం మీద చుక్కలు చుక్కలుగా 'శ్రీమతి కామేశ్వరమ్మ' అని చెక్కి ఉంటుంది. ఆవిడ ఇందుమతిగారి అత్తగారు. పేరు చెక్కించకపోతే పక్కింటికి వెళ్ళిన గిన్నె తిరిగి రాదని ఆవిడ భయం. కోడలు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుందంటే ఆవిడకి గర్వమే గానీ, సెలవులు రాగానే కొండలెక్కి మొక్కలు ఏరుకొస్తుందంటే మాత్రం ఒళ్ళు మండేది. "మేకకి వెయ్యాల్సింది తెచ్చి కాగితాల్లో దాస్తావేమిటే తల్లీ!" అనేవారు. నేను పొయ్యిగా మారేనాటికి ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

ఆ కాగితాల సంగతి చెప్పాలి. అప్పటికి పద్దెనిమిదేళ్ళ కిందట అనంతగిరి కొండల్లో, ఒక వాగు పక్కన తడిబండ పగుల్లో, ఇందుమతిగారు ఒక మొక్కని చూశారు. జానెడు కాడ, తెల్లటి పువ్వు, పువ్వు గొంతులో ఊదా చుక్కలు. భాద్రపదం వానల్లో పది రోజులు పూసి మాయమైపోతుంది. ఆ కొండల్లో అది ఎప్పుడో అంతరించిపోయిందని పెద్దలు పుస్తకాల్లో రాసేశారు. ఈవిడ కాడ తెంపి, పాత పేపర్ల మధ్య పరిచి, రెండు చెక్కల మధ్య బిగించి, ఎగిరి గంతేసినంత పనిచేసి కొండ దిగారు. అలా అణిచి ఎండబెట్టిన మొక్క వందేళ్ళయినా నిలుస్తుందట. కానీ పేపర్లు చెమ్మగిల్లినప్పుడల్లా పొడివి మార్చాలి. మూడు రోజుల ముసురులో పొడి పేపరెక్కడిది? ఇంటికొచ్చి కట్ట విప్పితే లోపల మొక్క లేదు, బూజు ఉంది. ఆధారం చూపించకపోతే ఎవరు నమ్ముతారు? "ఏదో కలుపుమొక్కని చూసి పొరబడి ఉంటావమ్మా" అని సదస్సులో ఒక పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వుతో ఆవిడకి తల కొట్టేసినట్టయింది. కాలేజీలో వెనకాల 'బూజు మేడం' అన్న పేరు స్థిరపడిపోయింది. తరవాత ఎన్నిసార్లు కొండెక్కినా, ఆ పూసే పది రోజులు దాటిపోయేవి.

నా సంగతి మొదలైన ఏడు, ఆ వచ్చే మార్చిలో ఆవిడ రిటైరు కావాలి. ఆ మొక్కని తెచ్చి చూపించడానికి ఇంక ఒక్క భాద్రపదమే మిగిలింది.

అందుకే ఆ శ్రావణంలో నన్ను సంచీలో వేసుకుని, రేకుల పని చేసే జిలానీ దగ్గరికి తీసుకెళ్ళారు. నాలో పట్టేటంత చిన్న డబ్బా ఒకటి లోపల దింపి, నా అడుగునుంచి నడుందాకా చుట్టూ గాలి పీల్చుకునేందుకు బెజ్జాలు, చిన్నదాని పై అంచు చుట్టూ ఇంకో వరస బెజ్జాలు వెయ్యమన్నారు. గాలి రెండు గోడల మధ్య వేడెక్కి పైకొచ్చి పొగని కూడా మండించేస్తుందట.

"ఇంత మంచి డబ్బాకి బెజ్జాలేంటమ్మా, నాకు మనసొప్పట్లేదు" అన్నాడు జిలానీ.

"నీ మనసు ఒప్పక్కర్లేదు, నీ మేకు ఒప్పుకుంటే చాలు" అన్నారావిడ.

వేశాడు. పేరున్న చోట మాత్రం తప్పించి వేశాడు. పెద్దావిడ పేరు మీద మేకు దించనన్నాడు. నాకు నొప్పి పుట్టలేదా అంటారా? పుట్టింది. కానీ ముప్పై ఏళ్ళు పప్పు మొయ్యడం కంటే అదే నయమనిపించింది.

తరవాత నాకు పరీక్ష పెట్టారు. ప్రయాణంలో ఇందుమతిగారికి తోడు ఇద్దరు. ఒకడు వంశీధర్, అదే శాఖలో కొత్తగా చేరిన లెక్చరర్. రెండోవాడు పైడిరాజు, ఇరవై రెండేళ్ళుగా లాబ్ అటెండరు. వంశీధర్ ఒక బుల్లి గ్యాసు పొయ్యి, మడిచి జేబులో పెట్టుకునే రేకుల పొయ్యి ఇంకొకటి తెచ్చాడు. లాబ్ వెనక మూడింటినీ వరసగా పెట్టి, గ్లాసుడు నీళ్ళు ఎవరు ముందు మరిగిస్తారో ఫోనులో చూశారు. గ్యాసుకి మూడున్నర నిమిషాలు. రేకులదానికి ఎనిమిది. నాకు పన్నెండు. పైగా పైడిరాజుకి కళ్ళనీళ్ళు తెప్పించాను.

"మేడం, ఇంక ఆలోచించేదేముంది? బరువు తక్కువ, పొగ లేదు, గ్యాసే తీసుకుందాం" అన్నాడు వంశీధర్.

ఆవిడ ఒక పేపరు బకెట్లో ముంచి, పిండి, నా మీద మూరెడు ఎత్తున జల్లెడపెట్టి పరిచారు. తన అరచెయ్యి కూడా దాని పక్కనే పెట్టారు. చెయ్యి కాలలేదు, తియ్యలేదు. పావుగంటలో పేపరు అప్పడంలా పెళపెళలాడింది.

"మనం కొండకెళ్ళేది టీ తాగడానికా వంశీ? పేపర్లు పొద్దునా సాయంత్రం మార్చాలి. అలా మూడు రోజులు. నీ సిలిండర్లు మొదటి రోజే చేతులెత్తేస్తాయి. పుల్లలకేం, ఎక్కడైనా దొరుకుతాయి" అన్నారు. అయినా వంశీధర్ గ్యాసుపొయ్యి వదల్లేదు, తన సంచీలోనే పెట్టుకున్నాడు. నీళ్ళు మరిగించడం చేతకాని పొయ్యినని వాడు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తే.

భాద్రపదంలో కొండెక్కారు. చినుకు ఆగింది లేదు. రెండోరోజు పొద్దున్న, అదే వాగు పక్కన, అదే బండ పగుల్లో, మొక్క కనిపించింది! ఒకటి కాదు, పదిహేను దాకా ఉన్నాయి. ఇందుమతిగారు బురదలో అలాగే చతికిలబడి ఏడ్చేశారు. అటవీశాఖ అనుమతి రెండు కాడలకే. కొలిచినట్టు రెండే తెంపి, విడివిడి పేపర్లలో పెట్టారు. మధ్యాహ్నానికి పేపర్లకి చెమటలు పట్టాయి. బండచూరు కింద మసకచీకట్లో పైడిరాజు నన్ను పెట్టి, అక్కడే ఏరిన ఎండుపుల్లలేసి అంటించాడు.

నేను పొగ వదిలాను. అయిదు నిమిషాలు కాదు, అరగంట. మంట లేదు. పుల్ల వేస్తే మాడుతోంది, ఊదితే దగ్గొస్తోంది. నా శక్తంతా కూడగట్టుకున్నాను. నాకు ఊపిరాడలేదు, అంతే.

"నేను ముందే చెప్పాను మేడం. ఈ డబ్బా ఇక్కడే వదిలేద్దాం" అంటూ వంశీధర్ గ్యాసుపొయ్యి తీశాడు. కంగారులో, పేపరుతో పాటు కాడని కూడా జల్లెడ మీద పెట్టేశాడు. పేపరు అంచులు ఆరుతుండగా, ఒక్క గాలివిసురుకి నీలిమంట పక్కకి వాలి వాటిని అందుకుంది. పేపరు భగ్గుమంది. తొక్కి ఆర్పేసరికి మొదటి కాడ బూడిద. వెనకే సిలిండరు బుసబుసమని ఆగిపోయింది.

 వంశీధర్ ఆ బూడిదని దోసిట్లోకి ఎత్తబోయాడు. ఇందుమతిగారు రెండో కాడని జాకెట్టు లోపల గుండెకి అదుముకుని నా ముందు కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళ కిందటి బూజే ఆవిడ కళ్ళముందు ఉండుంటుంది. నన్ను పక్కకి తిప్పి, వంగి అడుగు చూశారు.

"పైడిరాజూ! ఈ మట్టేమిటయ్యా?"

సంగతేమిటంటే, ఆ పొద్దున్న వీళ్ళు మొక్కల వేటలో ఉండగా, పైడిరాజు నన్ను వాగుకి తీసుకెళ్ళి పీచుతో తోమి, ఒండ్రుమట్టి తెచ్చి అడుగునుంచి అంచుదాకా నున్నగా అలికాడు. పైన పిండితో నాలుగు ముగ్గుగీతలు కూడా పెట్టాడు. నేను అరుద్దామంటే నోరెక్కడిది!

"పొయ్యన్నాక అలకాలి గదండి మేడంగారూ. ఉత్తి పొయ్యి ఎలిగిస్తే మాయమ్మ గరిట తిరగేసీది. కొండమీద మంచి పని కదాని, నాను నియమంగా సేసినానండి" అన్నాడు. చెబుతుండగానే అడుగున బెజ్జాలు గుర్తొచ్చాయి కాబోలు, తల బాదుకున్నాడు. "అయ్యో! ఊపిరి మూసీసినాను, ఏటి సేసీసినాను నాను!"

ఆవిడ తిట్టలేదు. కొప్పులోంచి హెయిర్‌పిన్ను తీసి ఒక్కో బెజ్జంలో పొడవడం మొదలుపెట్టారు. అవతలి పక్క పైడిరాజు గడ్డిపరకతో పొడిచాడు. వంశీధర్ కూడా మోకాళ్ళమీద కూర్చుని తన పెన్ను రీఫిల్లుతో పొడిచాడు. చివరి బెజ్జం తెరుచుకోగానే నేను గుండెలనిండా గాలి పీల్చుకున్నాను. పై అంచు చుట్టూ మంటలు గుండ్రంగా లేచాయి.

ఇంకో మాట చెప్పనా? బెజ్జాలు తెరిచారు గానీ మట్టి గీకలేదు. ఆ మట్టి వేడిని పట్టి ఉంచింది. గుప్పెడు పుల్లలకి గంట సేపు, అరచెయ్యి ఓర్చుకునేంత వేడి, తగ్గకుండా పెరగకుండా ఇచ్చాను. పైడిరాజు తప్పే నాకు కోటు అయింది. రెండు రోజులు పేపరు తరవాత పేపరు ఎండబెట్టాను. నా పక్కనే వాన నా మీద పగబట్టినట్టు కురిసింది. కురవనీ అనుకున్నాను. ఆ కాడ తన తెలుపు తెలుపుగానే, ఊదా చుక్కలు ఊదాగానే కొండ దిగింది.

డిసెంబరులో ఆ నవ్విన పెద్దాయనే కాలేజీకి వచ్చాడు. భూతద్దం పెట్టి అరగంట చూసి, అదే మొక్క అని ఒప్పుకుని సంతకం చేశాడు. పైడిరాజు బయటికెళ్ళి లాబ్ గంట అదేపనిగా వాయించాడు. పెద్దాయన, ఎండిన మొక్కని అతికించిన అట్ట కింద అంటించిన చీటీ చదివి కనుబొమలు ముడిచాడు. అందులో ఇలా ఉంది: సేకరించినవారు ఇందుమతి, వంశీధర్, పైడిరాజు. ఎండబెట్టినది కామేశ్వరమ్మ.

"ఈ కామేశ్వరమ్మగారు ఏ యూనివర్సిటీ అమ్మా?"

"మా వంటిల్లండీ" అన్నారు ఇందుమతిగారు.

ఆవిడ రిటైరయ్యారు. నేను లాబ్‌లోనే ఉండిపోయాను. వంశీధర్ ఏటా నన్ను కొండకి తీసుకెళ్ళాడు, ప్రతిసారీ తన చేత్తోనే అలికాడు, బెజ్జాలు వదిలి. నాలుగేళ్ళకి నా లోపలి డబ్బా కాలి చిల్లులుపడింది. ఇప్పుడు లాబ్ వెనక షెడ్డులో, విరిగిన స్టూళ్ళ మధ్య, పనికిరాని సామాను జాబితాలో ఉన్నాను. మసి కడిగి, మట్టి గీకి అద్దాలబీరువాలో పెడదామని ఒకసారి ఎవరో అన్నారు. "కడిగితే నాను ఊరుకోనండి!" అని పైడిరాజు అడ్డం తిరిగాడు. బాగా చేశాడు. మసి లేని పొయ్యిగా బీరువాలో నిలబడటం కంటే మసితో షెడ్డులో పడుండటమే నాకిష్టం. పాతసామాను వాడు వచ్చి కరిగించినా సరే, కరిగేటప్పుడు కూడా పొగ వదిలే పోతాను.

షెడ్డు కిటికీ పక్కనే మొక్కల అట్టలు దాచే గది. ఏటా కొత్త పిల్లలు వస్తారు. ఆ అట్ట తెరుస్తారు. తెరవగానే ఎవరో ఒకరు ముక్కు దగ్గరపెట్టి, "ఏమిటిది, పొగ వాసనేస్తోందీ!" అంటారు.

పీల్చండి నాయనా, బాగా పీల్చండి. అది నేనే.