జోడి బండల మీది ఆట

శాంతవ్వ పొద్దున లేసి వాకిలి ఊడ్చి, పొయ్యి ముట్టించి, జొన్నపిండి పిసుకుతుండంగ గోడవారకున్న నాపబండ మీద గర్రుమని చప్పుడయ్యేది. తెల్లబంటు ఒకటి తనంతట తానే ఒక గడి ముంగటికి జరిగేది. "లేసినవా?" అని బండ దిక్కు జూసి, శాంతవ్వ రొట్టె తట్టుకుంట కూసునేది. పెనిమిటి వికారాబాదు గుట్ట మీది దవాఖానల లేసి కూసున్నడని ఆమెకు గట్ల ఎరుక.

తాండూరు గనులల్ల నాపరాయి పొరలు పొరలుగ చీలుతది. ఒక్క పొరను నడుమకు చీలిస్తే వచ్చే రెండింటిని జోడి బండలంటరు. ఒకదాని మీద జరిగింది రెండోదానికి తెలుస్తది. ఇందుల వింతేమున్నది, కవలపిల్లలకు తెల్వదా? బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు జోడిల ఒక బండను వెంట పంపుడు ఆ దిక్కు రివాజు. అక్కడ బిడ్డ బండ మీద కూసొని ఏడిస్తే ఇక్కడ తల్లిగారింట్ల బండ తడైతది. తల్లి కొంగుతోని తుడిచి, తెల్లారి బిడ్డను జూసి రమ్మని తమ్ముణ్ణి తోలుతది.

శాంతవ్వ పెనిమిటి మొగులప్ప ముందుగాల తాండూరు టేషన్ కాడ జట్కా తోలెటోడు. రజాకార్ల గడబిడల ఆయన గుర్రాన్ని గుంజుకపోయిన్రు. అది మర్లి మర్లి ఆయన దిక్కే జూసుకుంట పోయిందట. అటెన్క గనిల వడి రాయి కొట్టిండు. కొన్నేండ్లకు దగ్గు తగిలింది, దగ్గుతోని రగతం వడ్డది. గుట్ట మీది దవాఖానకు పోవాలన్నరు. శాంతవ్వ అప్పుడు మూడు నెలల కడుపుతోని ఉన్నది. "నువ్వు ఈ దిక్కు అడుగు పెట్టొద్దమ్మా, కడుపుల పిల్లకు మంచిది గాదు" అని డాక్టరు చెప్పిండు.

మొగులప్పకు చదరంగమంటే పిచ్చి. పోయేముందు ఒక జోడి బండ చీల్చి, రెండింటి మీద ఉలితోని గడులు గీసిండు. మిగిలిన రాతిముక్కలతోని రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, ఒంటె, బంట్లు చెక్కి, సగానికి సున్నం రాసిండు, సగానికి మసి రాసిండు. ఏది ఎట్ల నడుస్తదో పెండ్లానికి చెప్పి, ఒక బండ ఇంట్ల పెట్టి, ఒకటి నెత్తిన పెట్టుకొని రైలెక్కిండు.

కత అక్కడ మొదలైంది. మొదటి ఆట శాంతవ్వ బువ్వ దినేలోపట ఓడింది. రెండోది అంతకన్న జల్ది ఓడింది. ఆమెకు నవ్వొచ్చింది. మర్నాడు బండ మీద ఉలుకు లేదు, పలుకు లేదు.

వారంవారం రొట్టెల గంప వట్టుకొని దవాఖానకు పోయే మరిది హన్మయ్య వచ్చి చెప్పిండు. "వదినె, ఆట నడుస్తుంటే అన్న మంచం మీద లేసి కూసుంటడు, పాలు తాగుతడు, సూదేపించుకుంటడు. ఆట ఒడిసిందంటే గోడ దిక్కు మర్లి పంటడు. గట్ల పన్నోళ్లు ఆడ మళ్ల లేస్తలేరు. జర పొడుగ్గ ఆడు వదినె, నీ కాల్మొక్త."

పొడుగ్గ ఆడుడంటే అంత అలకనా? ఆట వచ్చినోడికే పొడుగు తెలుస్తది. ఏం జెయ్యాల్నో తెల్వక శాంతవ్వ గల్లీ చివర ఉండే ఈశ్వరమ్మ కాడికి పోయి ఏడ్చింది.

ఈశ్వరమ్మ పండ్లూడిన ముసల్ది. వయసుల ఉన్నప్పుడు దౌల్తాబాద్ దిక్కు ఒక దొర గడిల, కోటసొంటి ఇంట్ల, పని చేసింది. ఆ దొరసానికి గడప దాటే ఆజ్ఞ లేకుండె. పొద్దు పోక దాసీని కూసోబెట్టుకొని చదరంగం ఆడేది.

"నేను గెలిస్తే చెంపదెబ్బ" అన్నది ఈశ్వరమ్మ. "జల్ది ఓడితే, నాతోని పరాచకాలానే అని ఇంకో చెంపదెబ్బ. గందుకే బిడ్డా, నిమ్మలంగ ఓడుడు నేర్సిన. గెలుసుడు ఎవనికైన వస్తది."

"గదే నేర్పు అవ్వా. ఆట ఒడిస్తే ఆయన ఒడుస్తడు."

ముసల్ది నేల మీద ముగ్గుతోని గడులు గీసి, చింతగింజలు పేర్చింది. బండ మీద పేరిస్తే గుట్ట మీద జరుగుతయి గద! ఇగ మొదలువెట్టింది తిట్లు. శాంతవ్వ చెయ్యి లేస్తే చాలు, పుల్లతోని కొట్టేది. "చెయ్యి తొడ కింద పెట్టుకో. మనసుల మొదలు పుట్టిన ఎత్తును ముట్టకు, అది ఆకలిగొన్నోని బుద్ధి. ఆయన ఆ బంటును ఎందుకు జరిపిండు, ఏం గావాల్నట, ముందుగాల అది అడుగు."

ఓడినంక గింజలు ఊడ్వబోతే మళ్ల పుల్ల. "ఉండే పిచ్చిదానా! మళ్ల పేర్చు. ఎనుకకు పో. సచ్చిన కాడ ఏం జూస్తవ్, రోగం తగిలిన కాడ జూడు."

శాంతవ్వ ఓడింది, పేర్చింది, ఓడింది. రొట్టె కాలుతుంటే పెనం మీద గడులు కనవడేటివి. మృగశిర వానలు పడే యాళ్లకు కొత్త ఆట మొదలైంది, అది ఒడువలేదు. బంట్ల ఎనుక రాజును దాచి, గుంజి, ఇచ్చి, తీసుకొని, ఆమె మొగులప్పను తిప్పలు వెట్టింది.

"అన్న నవ్విండు వదినె!" అని హన్మయ్య ఉరికొచ్చిండు. "మీ వదినెకు ఎవల్రా నేర్పుతున్నది, మస్తు సతాయిస్తున్నది అన్నడు. రెండు రొట్టెలు దిన్నడు."

ఆ పొద్దు శాంతవ్వకు కాళ్లు నేల మీద నిలువలేదు.

ఆడంగ ఆడంగ ఆమెకు పెనిమిటి ఇంకో తీరుగ తెలిసిండు. కాపురంల చెప్పని ముచ్చట్లు ఆటల చెప్పిండు. కోపమొస్తే ఒంటెను పంపుతడు. భయమైతే బంటును ముట్టి ఊకుంటడు. గుర్రాన్ని మాత్రం సావనియ్యడు. మంత్రిని ఇస్తడు గని గుర్రాన్ని ఇయ్యడు. దానికి ఆపదొస్తే ఆట మొత్తం ఇడిసిపెట్టి ఎనుకకు తెచ్చుకొని రాజు పక్కన కట్టేసుకుంటడు. టేషన్ కాడ పోయిన గుర్రం అది.

శ్రావణంల ఒకనాడు పొద్దున బండ ఉలుకలేదు. పగటీలి జూస్తే తడిగున్నది. ఇల్లు కురుస్తున్నదేమో అనుకొని శాంతవ్వ కొంగుతోని తుడిచింది. తెల్లారి మళ్ల తెల్లబంటు జరిగింది. ఆమె పాణం కుదుటపడ్డది.

కొన్నాళ్లకు తెల్లగుర్రం ఎగిరొచ్చి, నల్ల ఏనుగును కొట్టి, దాని గడిల నిలవడ్డది. దాన్ని నల్లమంత్రి తీసుకోవచ్చు. గుర్రం ఇచ్చి ఏనుగును గుంజుకున్నడన్నట్టు.

శాంతవ్వ పిలిస్తే ఈశ్వరమ్మ వచ్చి, వంగి జూసింది. "లాభమే. మంచి ఎత్తు."

"మంచిదే అవ్వా" అన్నది శాంతవ్వ. "ఆయనది గాదు."

ముసల్ది మళ్ల వంగి గుర్రం దిక్కు జూసింది.

మాపటికి హన్మయ్య ఖాళీ గంపతోని వచ్చిండు. శాంతవ్వ ఏడు నెలల కడుపు వట్టుకొని గడప మీద కూసొని ఉన్నది.

"హన్మయ్యా, నా రొట్టెలు ఎవరు దింటున్నరు?"

హన్మయ్య గంప కింద పెట్టిండు.

"శ్రావణంల పోయిండు వదినె. గుట్ట కింద నేనే మన్ను పోసిన. నువ్వు పురుడు పోసుకునేదాక చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టించుకున్నడు. ఆట ఆగితే నీకు తెలుస్తదని పక్క మంచపాయనకు బండ ఇచ్చి పోయిండు. పూడూరాయన, యాదగిరి అని. ఆయనకు ఎవ్వలు లేరు. మొదలు అన్న మాట కోసం ఆడిండు. ఇప్పుడు గా ఆట మీదనే పాణం నిలుపుకున్నడు."

శాంతవ్వ ఏడువలేదు. లేసి బండ కాడికి పోయింది. ఈశ్వరమ్మకు గూడ కనవడనిది ఇప్పుడు కనవడ్డది: గుర్రం కాపలా ఇడిసినంక తెల్లరాజు ముంగట ఏమీ లేదు. రెండెత్తులల్ల మాత్, ఆట ఖతం. ఎవడు వీడు, నా మొగని గుర్రాన్ని సంపనీకి? నా మొగని రొట్టె దిననీకి? చెయ్యి మిగిలిన ఏనుగు మీదికి పోయింది.

ఏనుగును వట్టుకొని చానసేపు కూసున్నది. ఆట ఒడిస్తే ఆడ ఒకడు గోడ దిక్కు మర్లుతడు. ఆ ముచ్చట తెల్సిన చెయ్యి అది, ఎట్ల జరుపుతది? ఏనుగును ఇడిసి, మూలకున్న ఒక బంటును ముట్టి, ఒక గడి ముంగటికి జరిపింది.

"మళ్లవారం రొట్టెలకు పిండి ఇసురాలె" అన్నది హన్మయ్యతోని. "బయట ఎవ్వలికీ చెప్పకు. గాజులు గిట్లనే ఉండనీ."

ఏడిస్తే బండ తడుస్తది, గుట్ట మీద యాదగిరికి తెలుస్తది, ఆట ఆగుతది. అందుకని ఇంట్ల ఆమె కంట్ల నీళ్లు పెట్టలేదు. బిడ్డ పుట్టిననాడు గూడ, పేరు వెట్టిననాడు గూడ పెట్టలేదు. బర్రెల కొట్టం ఎనుకకు పోయి, నోట్ల కొంగు కుక్కుకొని నిలవడి వచ్చేది. ఆడింది, ఇచ్చింది, ఎనుకకు తగ్గింది. తెల్లరాజును మూలకు తోసి, తలుపు ముయ్యకుంట ఇడిసేది. చలికాలం పోయింది. ఆయనకు దగ్గు తగ్గిందని, నడుస్తున్నడని హన్మయ్య చెప్తుండె. సంబురమయ్యేది, సంబురమైనందుకు తన మీద తనకే అసహ్యమయ్యేది.

కామునిపున్నం ముందట ఒకనాడు పొద్దున బండ మీదున్న పావులన్నీ గడగడ జరిగి కింద వడ్డయి. తెల్లవి, నల్లవి, అన్నీ.

ఇగ ఈయన గూడ పోయిండనుకున్నది శాంతవ్వ. పిండి చేతులతోనే నెత్తి వట్టుకొని కూసున్నది. బిడ్డ ఏడుస్తున్నా లేవలేదు. ఇన్నాళ్లు ఉగ్గవట్టి ఆడింది ఇందుకేనా అని ఆమె పాణం విసిగింది.

పొద్దెక్కినంక వాకిట్ల ఒక బక్కమనిషి నిలవడ్డడు. నెత్తి మీద బండ, భుజం మీద తువాల, చేతిల పావుల మూట.

"నన్ను ఇంటికి తోలిన్రక్కా" అన్నడు. "ఇల్లు లేదు. పొద్దున పావులు మూట గట్టి, బండ ఇచ్చి పోదామని వచ్చిన."

శాంతవ్వ ఆయన మొకం జూసింది. జరిగి జాగ ఇచ్చింది. యాదగిరి బండను దాని జోడి పక్కన దించిండు. ఇద్దరు చెరొక దిక్కు కూసొని, ఆట ఆగిన కాడికి పావులు పేర్చిన్రు. ఎవ్వలు ఎవ్వలిని అడుగలేదు, ఇద్దరికి యాదికున్నది.

"ఇది ఎన్నడో ఒడిసేదుండె" అన్నడు యాదగిరి తల వంచుకొని. "గుర్రం ఇచ్చిననాడే. నువ్వు కొట్టలేదు. అప్పుడే తెలిసిందక్కా, నీకు తెలిసిందని."

శాంతవ్వ ఏనుగును వట్టి, ఈ చివరి గడి నుంచి తెల్లరాజు వరుస దాకా జరిపింది. పక్క బండ మీద గూడ ఏనుగు గర్రుమని జరిగింది.

"మాత్" అన్నది.

యాదగిరి తెల్లరాజును పండవెట్టిండు. అప్పుడు శాంతవ్వ రెండు చేతులు బండకేసి కొట్టుకున్నది. గాజులు పలిగినయి. "మొగులప్పా!" అని గల్లీ మొత్తం ఉలిక్కిపడేటట్టు ఒర్రి, బండ మీద బోర్ల వడి ఏడ్చింది. శ్రావణం నాటి ఏడుపు అది.

యాదగిరి ముంగటి బండ తడైంది. ఆయన భుజం మీది తువాల తీసి, దాన్ని తుడిచిండు.