బుధవారానికి మారిన ఆట

నేను ఒక కుంటి బెంచీని. అనంతపురంలో ఒక కాలేజీ వర్క్‌షాపులో, పరీక్ష కోసం, ఇద్దరు విద్యార్థులు నన్ను వేపచెక్కతో చేశారు. నాలుగో కాలు కొంచెం పొట్టిగా వచ్చింది. లెక్చరర్ నన్ను ఊపి చూసి, నిట్టూర్చి, పాస్ మార్కులు వేశారు. వాళ్ళిద్దరూ ఇప్పుడు ఎక్కడో వంతెనలు కడుతున్నారట. వాటి మీద నడిచేవాళ్ళను ఆ దేవుడే కాపాడాలి.

మొదట క్యాంటీనులో వేశారు. ఎవరి సాంబారు ఒలికినా నా ఊగుడు వల్లేనని తేల్చేశారు. అక్కడి నుంచి లైబ్రరీకి పోయాను. నా మీద కూర్చుంటే కునుకు పట్టడం లేదని అక్కడివాళ్ళూ గెంటేశారు. చివరికి ఫుట్‌బాల్ మైదానంలో, గోలు వెనక పడేశారు. నా బతుకులో బాగున్న రోజులు అవే.

అప్పుడు కాలేజీల మధ్య ఆటలు ఆదివారం జరిగేవి. కూరగాయలమ్మేవాళ్ళు, గార్మెంట్స్‌లో కుట్టేవాళ్ళు, మెకానిక్కులు, అందరూ వచ్చేవాళ్ళు. బయట పల్లీలు, లోపల తిట్లు. ఇంత జనంలోనూ నా మీద కూర్చునేది ఒక్కడే, కుల్లాయప్ప. ఆయన ఆర్టీసీ బస్సు డ్రైవరు, ఆదివారం ఆయనకు సెలవు. కూతురు వన్నూరమ్మ ఈ కాలేజీ ఆడపిల్లల జట్టుకు గోలుకీపరు. ఆట మొదలయ్యే ముందు ఆ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి ఆయన ఉన్నాడో లేదో చూసుకునేది. ఆయన చెయ్యి ఊపేవాడు కాదు, కేక వేసేవాడు కాదు. బంతి గోలు వైపు వచ్చినప్పుడల్లా మాత్రం బ్రేకు తొక్కినట్టు కుడికాలు నేలకేసి అదిమేవాడు. బంతికి బ్రేకు ఉండదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత టీవీవాళ్ళు వచ్చారు. వాళ్ళకు ఆదివారం క్రికెట్ ఉంటుందట, బుధవారం సాయంత్రం ఖాళీగా ఉందట. ఆ ఖాళీ వాళ్ళ టీవీలోదే గానీ ఊళ్ళో మనుషులది కాదు. ఆ తేడా ఎవరికీ తట్టలేదు. మన పిల్లల ఆట ప్రపంచమంతా చూస్తుందని కాలేజీ పెద్దలు సంబరపడి ఒప్పుకున్నారు. ప్రపంచం చూసిందో లేదో తెలియదు, ఊరు మాత్రం రావడం మానేసింది. బుధవారం పూట కొట్టు కట్టేసి ఎవరు వస్తారు? గురువారం పొద్దున ఆటగత్తెలు ల్యాబులో నిలబడే తూగేవాళ్ళు. ఖాళీ గ్యాలరీ టీవీలో బాగుండదని, మొదటి సంవత్సరం పిల్లలను కెమెరాకు ఎదురుగా కూర్చోబెట్టి అటెండెన్సు వేశారు. నాకూ నీలం రంగు వేశారు, కెమెరాకు కనిపించే వైపు మాత్రమే. పైన పటారం, లోన లొటారం.

కుల్లాయప్ప బుధవారం కర్నూలు బస్సు మీద ఉంటాడు. ఆ ఏడాది ఒక్క ఆటా చూడలేదు. స్టీరింగు పట్టుకుని టీవీ చూడలేడు కదా. ఆ పిల్ల మాత్రం ప్రతి ఆటకూ ముందు వెనక్కి తిరిగి చూసేది. మొదట్లో నాకు బాధ వేసేది. పోను పోను అదీ వేయలేదు.

వన్నూరమ్మకు అది ఆఖరి సంవత్సరం. ఫైనలు అయిపోతే ఆమె ఆట అయిపోయినట్టే. ఆ ఒక్క ఆటైనా చూడాలని కుల్లాయప్ప ఇంకో డ్రైవరుతో బుధవారం డ్యూటీ మార్చుకున్నాడు. సరిగ్గా ఆ రోజు పొద్దున, బుధవారం వేరే ఏదో క్రికెట్ వచ్చిందని టీవీవాళ్ళు ఫైనలును గురువారానికి జరిపారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నమాట.

అయినా ఆయన బుధవారమే వచ్చాడు. మైదానంలో మనిషి లేడు, ఎండ ఇంకా ఉంది. వచ్చి నా మీద కూర్చున్నాడు. కాసేపటికి హాస్టలు నుంచి వన్నూరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఆట రేపటికి పోయిందని ఫోన్ జేస్తి గదా నాయనా. మళ్ళా యాల వస్తివి?"

"డ్యూటీ మార్చుకుంటి గదమ్మా. రేపు నేను బండెక్కాల్సిందే. ఈ పొద్దు ఇంట్లో కూర్చోని ఏం జేసేది?"

ఆయన ఖాళీ గోలు వైపు చెయ్యి చూపించాడు.

"ఒకతూరి ఆడ నిలబడమ్మా. చూసుకోని పోతా."

"బాలు ల్యాకుండా ఏం చూస్తావు నాయనా?"

"నువ్వుంటావు గదా."

ఆ పిల్ల వెళ్ళి గోలులో నిలబడింది. చేతికి గ్లౌజులు లేవు, కాళ్ళకు హవాయి చెప్పులు. మొదట సిగ్గుపడి నవ్వింది. తర్వాత మోకాళ్ళు వంచి, చేతులు చాచి, ఖాళీ మైదానం వైపు చూస్తూ నిలబడింది. కుల్లాయప్ప ముందుకు వంగాడు. కుడికాలు రెండుసార్లు నేలకేసి అదిమాడు. ఎండ పోయేదాకా ఆ పిల్ల అట్లాగే నిలబడింది, ఆయన అట్లాగే చూశాడు. తర్వాత ఆమె తల మీద చెయ్యి వేసి, ఆయన వెళ్ళిపోయాడు.

గురువారం సాయంత్రం కెమెరా ఆయన నన్ను చూసి మొహం చిట్లించాడు. "ఆ బెంచీ ఖాళీగా కనపడతాంది, తీసేయండప్పా."

ఇద్దరు మనుషులు నన్ను ఎత్తారు. అప్పుడే వన్నూరమ్మ గోలులోకి వచ్చి, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగింది. మట్టిలో నా కాళ్ళు దిగిన గుంతలు కనిపించాయి. వాటినే కాసేపు చూసి అటు తిరిగింది.

నన్ను షెడ్డులో పడేసి తలుపు వేశారు. చాలాసేపటికి బయట పెద్ద అరుపు వినిపించింది. ఆ పిల్ల బంతిని ఆపిందో, వదిలేసిందో నాకు తెలియలేదు. అటెండెన్సు కోసం వచ్చినవాళ్ళు రెండింటికీ ఒకేలా అరుస్తారు.